లేత్ కంటే ముందు సానరాయి

కొయ్యను తరిమెన పట్టి చిన్న గిన్నెలు, పప్పుగుత్తులు, బొంగరాలు, కుర్చీ కోళ్లు సరదాగా చేసుకుందామనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది ‘ఏ మిషన్ కొనాలి?’ అని. ఆ తర్వాత ‘ఉలుల సెట్టు ఎంతలో వస్తుంది?’ అంటారు. సాన ఎలా పట్టాలి, దుమ్ము ఎటు పోతుంది అని అడిగేవాళ్లు అరుదు. డబ్బూ ఈ వరుసలోనే ఖర్చవుతుంది. ముందు మిషన్, తర్వాత ఉలులు, ఇంకా మిగిలితే కొయ్యను బిగించి పట్టే చక్. గ్రైండర్ దాకా, మాస్కు దాకా వచ్చేసరికి జేబు ఖాళీ. ఈ వరుసను తిరగేసి కొనాలని నా వాదన. పదునూ ఊపిరికి రక్షణా మొదటి ఖర్చు కావాలి. తర్వాత మూడు నాలుగు మంచి ఉలులు. యంత్రం, దాని అనుబంధాలు ఆ తర్వాతే. ఏ ఊళ్లోనైనా చెల్లే మాటే ఇది. అయినా బసంత్‌నగర్, రామగుండం, గోదావరిఖని బెల్టులో దీన్ని గట్టిగా చెప్పడానికి ప్రత్యేకమైన కారణాలున్నాయి.

బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ, ఆ పక్కన ఎన్టీపీసీ 2600 మెగావాట్ల థర్మల్ కేంద్రం, ఎరువుల కర్మాగారం, గోదావరిఖని చుట్టూ సింగరేణి బొగ్గు బాయిలు, వాటికి వర్క్‌షాపులు. ఇన్ని పరిశ్రమలు ఇంత దగ్గరగా ఉన్నచోట లేత్ మిషన్ అంటే ఏమిటో వివరించి చెప్పే అవసరం రాదు. ఐటీఐలో టర్నర్ ట్రేడో ఫిట్టర్ ట్రేడో చదివి, ఉద్యోగమంతా ఇనుముతో గడిపినవాళ్లు ఇక్కడ ప్రతి కాలనీలో ఉన్నారు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. అంటే ఈ నేల మీద పనిచేస్తున్నవాళ్ల కంటే పని మానేసినవాళ్ల చేతుల్లోనే ఎక్కువ నైపుణ్యం నిలవ ఉంది. రిటైరయ్యాక పొద్దు గడవక, చేతులు ఊరుకోక, ఏదో ఒకటి చేయాలనుకునేవాళ్లకు కొయ్య లేత్ సహజంగానే కనబడుతుంది. చిక్కేమిటంటే, ఇనుము లేత్ మీద గడించిన అనుభవమే కొనుగోలు దగ్గర వాళ్లను పక్కదారి పట్టిస్తుంది.

ఇనుము తిప్పే లేత్‌లో పనిముట్టును టూల్‌పోస్టులో బిగిస్తారు. ఎంత లోతు కోయాలో, ఎంత జరగాలో చక్రాలు తిప్పితే కొలత ప్రకారం జరుగుతుంది. అక్కడ పని నాణ్యత చాలావరకు యంత్రం నిక్కచ్చితనం మీద ఆధారపడుతుంది. కాబట్టి మంచి మిషన్ కొనడమే మంచి పనికి మొదటి మెట్టు అని టర్నర్ అనుకోవడంలో తప్పేమీ లేదు. కొయ్య లేత్‌లో అలా కాదు. ఉలి మనిషి చేతిలోనే ఉంటుంది. టూల్‌రెస్ట్ అనేది ఆనించుకోవడానికి ఒక ఆసరా మాత్రమే. కోణం, లోతు, వేగం అన్నీ మణికట్టు, నడుము, పాదాలు కలిసి తేల్చుకోవాలి. వేగాలు కూడా పూర్తిగా వేరు. హైస్పీడ్ స్టీల్ బిట్టుతో మైల్డ్ స్టీలు కోసేటప్పుడు పనిముట్టు అంచు ముందు నుంచి నిమిషానికి 30 మీటర్ల లోహం సాగుతుంది. ఆరంగుళాల కొయ్య గిన్నెను నిమిషానికి 1000 చుట్లు తిప్పితే దాని అంచు నిమిషానికి దాదాపు 480 మీటర్లు పరుగెడుతుంది. అంటే గంటకు 29 కిలోమీటర్లు. ఇనుముతో పోలిస్తే పదహారు రెట్లు. పది నిమిషాలు ఉలి ఆనించి ఉంచితే దాని అంచు మీదుగా దాదాపు 5 కిలోమీటర్ల కొయ్య దాటిపోయినట్టు లెక్క. పైగా కొయ్యలో ముడులుంటాయి, బెరడులో ఇసుక ఇరుక్కుని ఉంటుంది. ఇంత రాపిడికి ఏ ఉక్కైనా ఎంతసేపు నిలుస్తుంది? వర్క్‌షాపులో బిట్టును గంటల తరబడి వాడినవాళ్లు కొయ్య దగ్గర కొన్ని నిమిషాలకోసారి గ్రైండర్ దగ్గరికి నడవాలంటే ముందు నమ్మరు. నమ్మకపోవడం వల్ల మొద్దుబారిన ఉలిని బలంగా నొక్కుతారు. అది కొయ్యలో ఇరుక్కుంటుంది, గిన్నె ఎగిరిపడుతుంది. కొత్తవాళ్లకు జరిగే ప్రమాదాల్లో చాలా వాటికి మొదలు ఇక్కడే ఉంది.

పదును గురించి ఇంత పట్టుబట్టడానికి దీనికన్నా పెద్ద కారణం దుమ్ము. పదునైన ఉలి కొయ్యను కోస్తుంది. తడి ఆరని మొద్దైతే పొడవాటి పేళ్లు రిబ్బన్లలా వచ్చి కాళ్ల దగ్గర పడతాయి. ఆ పేళ్లను చీపురుతో ఊడ్చి పారేయవచ్చు. మొద్దుబారిన ఉలి కోయదు, గీకుతుంది. పీచు లేచిపోయి, గరుకుగా చిరిగిన గిన్నె మిగులుతుంది. ఆ గరుకును పోగొట్టడానికి శాండ్‌పేపర్ పట్టుకుంటారు. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టాల్సి వచ్చిందంటే ఉలి పదును పోయి చాలాసేపయిందని అర్థం. మంచి అంచు వదిలిన నునుపుకు 180తోనో 220తోనో మొదలుపెడితే చాలు. ఈ తేడా గిన్నె అందానికి సంబంధించింది మాత్రమే కాదు. పేళ్లు నేల మీద పడతాయి. శాండ్‌పేపర్ లేపే సన్నటి పొడి గాలిలో వేలాడుతుంది. 10 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు కంటికి కనబడవు, ముక్కు వెంట్రుకలకు చిక్కవు, నేరుగా లోపలికి పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995లోనే కొయ్యధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలి కుహరాలకు, వాటి చుట్టుపక్కల గదులకు వచ్చే క్యాన్సర్లతో దానికున్న సంబంధమే అందుకు ఆధారం. బండరాతి ధూళిలోని స్ఫటిక సిలికాను కూడా రెండేళ్ల తర్వాత అదే వర్గంలో పెట్టింది.

బొగ్గు బెల్టులో దుమ్ము అంటే ఏమిటో తెలియని ఇల్లు లేదు. బొగ్గుధూళితో ఊపిరితిత్తులకు పట్టే న్యూమోకోనియోసిస్, రాతిధూళితో వచ్చే సిలికోసిస్ చట్టప్రకారం నోటిఫై చేసిన వృత్తి వ్యాధులు. బాయిలో డ్రిల్లుకు నీళ్లు పెట్టడం, రోడ్ల మీద నీళ్లు చల్లడం, కార్మికులకు నిర్ణీత కాలానికి ఛాతీ ఎక్స్‌రే తీయడం, ఇవన్నీ ఏళ్ల పోరాటం తర్వాత, ఎన్నో ఊపిరితిత్తులు పాడైన తర్వాత అలవాటైన జాగ్రత్తలు. అలాంటి చోట పనిచేసి బయటికొచ్చినవాళ్లు ఇంటి వెనక రేకుల గదిలో, కిటికీ మూసుకుని, ముక్కుకు కండువా చుట్టుకుని మామిడి మొద్దును శాండింగ్ చేస్తే, పాతికేళ్లు బాయిలో తిన్న దుమ్ముకు ఇంకో రకం దుమ్ము కలుపుకున్నట్టే. కండువా ఈ దుమ్మును ఆపదు. ఎన్95 మాస్కు గానీ, మన ఐఎస్ 9473 ప్రమాణం ముద్ర ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు గానీ కావాలి. అదీ గడ్డానికి, బుగ్గలకు గాలి దూరకుండా అతుక్కునేలా పెట్టుకోవాలి.

‘వారానికి నాలుగు గంటలు సరదాగా చేసుకునేవాడికి ఫ్యాక్టరీ కార్మికుడికి వచ్చే జబ్బులు ఎందుకొస్తాయి?’ అని అడగవచ్చు. గంటల లెక్క చూస్తే ఆ మాట సబబే. అయితే కార్మికుడు పీల్చే గాలికి ఒక పరిమితి ఉంది, కొలిచే పరికరం ఉంది, ఎంత నామమాత్రమైనా తనిఖీ ఉంది. ఇంటి గదిలో గాలిని ఎవరూ కొలవరు. గది చిన్నది, గాలి ఆడదు, మిషన్ ఆపి మాస్కు తీశాక కూడా సన్నటి పొడి గంటల తరబడి గాలిలోనే ఉంటుంది. ఆ గదిలోకే మనవలు ఆడుకోవడానికి వస్తారు. అందుకే మాస్కుతో పాటు గది బయటికి గాలి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్, శాండింగ్ చేసేచోట దుమ్ము లాగే గొట్టం కొనుగోలు జాబితాలో మొదట ఉండాలి. చక్ కొనడం ఆర్నెల్లు వాయిదా వేసుకోవచ్చు, వీటిని వాయిదా వేయకూడదు.

ఇక్కడ ఇంకో ఆక్షేపణ వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. మన తెలుగు నేల మీద కొయ్యను తరిమెన పట్టడంలో పేరు మోసిన ఊరు ఏటికొప్పాక. ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను తిరిగి నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర వేడుకల్లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. ‘వాళ్లకు జర్మనీ చక్‌లున్నాయా, షెఫీల్డ్ ఉలులున్నాయా? మామూలు లేత్, కొద్దిపాటి ఉలులు, అంకుడు కర్ర, లక్క, మొగలి ఆకు, ఇంతే కదా! మరి మనకు గ్రైండర్లూ, గైడ్‌లూ, దుమ్ము లాగే యంత్రాలూ ఎందుకు?’ అంటారు. నిజానికి ఏటికొప్పాక నా వాదనకే బలం చేకూరుస్తుంది. అక్కడి పని మిషన్ ఖరీదు మీద నిలబడలేదు. అంకుడు మెత్తగా, తెల్లగా, సన్నటి పీచుతో ఉండే కొయ్య. పదునున్న ఉలికి అది నున్నగా తెగుతుంది. తిరుగుతున్న కొయ్యకు లక్క కడ్డీ ఒత్తితే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కొయ్య ముందే నున్నగా లేకపోతే ఆ లక్క సమంగా పరుచుకోదు. ఇదంతా చిన్నప్పటి నుంచి పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ల చేతి పని. ఉలిని సానరాయి మీద ఏ వాలులో పట్టాలో వాళ్ల చేతులకు కంఠతా వచ్చు. 60 ఏళ్లకు మొదలుపెట్టేవాడికి ఆ బాల్యం లేదు. ఆ లోటును కొంతవరకైనా పూడ్చేది కోణాన్ని మారకుండా పట్టి ఉంచే చిన్న గైడ్. కొత్తవాళ్లకు గ్రైండర్ దగ్గర గైడ్ కావాలని చెప్పడంలో ఏటికొప్పాక పనితనాన్ని తక్కువ చేయడం ఏమీ లేదు.

సాన సామగ్రి ఎలా ఉండాలో చూద్దాం. బజార్లో సాధారణంగా దొరికే బెంచ్ గ్రైండర్‌కు ఆరంగుళాల రాళ్లుంటాయి, నిమిషానికి 2800 చుట్లు తిరుగుతుంది. ముదురు బూడిదరంగు రాళ్లతో వస్తుంది. ఆ రాళ్లు వెల్డింగ్ అతుకులు గీకడానికి బాగుంటాయి, ఉలి అంచుకు అంత మంచివి కావు. వాటిని తీసేసి, 80 నంబరు తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి వేసుకుంటే పని నడుస్తుంది. వీలైతే ఎనిమిదంగుళాల రాయి, నిమిషానికి 1440 చుట్లు తిరిగే గ్రైండర్ మేలు. రాయి పెద్దదైతే ఉలి వాలు మీద పడే గుంట తక్కువగా ఉంటుంది, వేగం తక్కువైతే చేతికి అదుపు దొరుకుతుంది. కోణాల సంగతికొస్తే, సన్నటి పొడవాటి పనులకు వాడే స్పిండిల్ గౌజ్‌కు 40 డిగ్రీల దరిదాపు, గిన్నెలు తొలిచే బౌల్ గౌజ్‌కు 55, స్క్రేపర్‌కు 70 నుంచి 80 అని చెబుతుంటారు. వీటి మీద వాదోపవాదాలు చాలా ఉన్నాయి. కానీ అంకె కంటే ముఖ్యమైనది ప్రతిసారీ అదే అంకె రావడం. కోణం మారినప్పుడల్లా కొత్త వాలు దిద్దుకోవాలి, అప్పుడు ఉక్కు వృథాగా అరిగిపోతుంది. వాలు మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూసి, రాయికి ఒక్కసారి తాకించి చూస్తే సిరా ఎక్కడ పోయిందో కనబడుతుంది. అంచు దగ్గరా మడమ దగ్గరా సమంగా పోతే కోణం కుదిరినట్టు. పది రూపాయల పెన్ను చేసే ఈ పని ఖరీదైన కొలత పరికరాలతో కూడా ఇంత తేలిగ్గా కాదు.

ఉక్కు ఎంపికలో ఈ ప్రాంతానికి ఒక వరం ఉంది, హైస్పీడ్ స్టీలు తేలిగ్గా దొరకడం. హైస్పీడ్ స్టీలును అమెరికాలోని బెత్లెహెం స్టీల్ కంపెనీలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ రూపొందించారు. 1900లో పారిస్ ప్రదర్శనలో అది ఎర్రగా కాలుతూ కూడా ఇనుమును కోస్తుంటే ఇంజనీర్లు ఆశ్చర్యపోయారు. మామూలు కార్బన్ స్టీలు గ్రైండర్ మీద నీలం తిరిగిందంటే ఆ మేరకు గట్టిదనం పోయినట్టే. హైస్పీడ్ స్టీలు 550 డిగ్రీల సెల్సియస్ దాకా గట్టిదనం నిలబెట్టుకుంటుంది. అందువల్ల సాన నేర్చుకునేవాళ్ల తప్పులను అది చాలావరకు క్షమిస్తుంది. ఈ ఉక్కుతో చేసిన చదరపు టూల్ బిట్లు పారిశ్రామిక పట్టణాల్లో హార్డ్‌వేర్ దుకాణాల్లో మామూలుగానే దొరుకుతాయి. ఒక బిట్టును ఇనుప కడ్డీ చివర గాడి తీసి స్క్రూలతో బిగించి, పొడవాటి కొయ్య పిడి వేస్తే చక్కటి స్క్రేపర్ అవుతుంది. ఫిట్టర్ పని తెలిసినవాళ్లకు ఇది ఒక పూట పని. అయితే ఇదే ధోరణిలో పాత ఆకురాయిని గ్రైండ్ చేసి ఉలిగా మార్చే అలవాటు కూడా వర్క్‌షాపుల్లో ఉంది. దాన్ని మానుకోవాలి. ఆకురాయి ఎంత గట్టిదో అంత పెళుసుది. తిరిగే కొయ్యలో ఒక్క కుదుపు వస్తే మధ్యకు విరిగి ముక్క ముఖం మీదికి వస్తుంది. లారీ కమాను పట్టీ ఉక్కు అలా విరగదు. కానీ దాన్ని సరిగ్గా కాల్చి, చల్లార్చి, మళ్లీ మెల్లగా కాచి పదును పెట్టడం తెలిసిన కమ్మరి దొరికితేనే ఆ దారి పట్టాలి.

ఎన్ని ఉలులు కావాలన్న ప్రశ్న దగ్గర దుకాణదారు చూపేది ఎనిమిది ముక్కల పెట్టె. అందులో సగం సంవత్సరం గడిచినా పెట్టెలోంచి బయటికి రావు. మొదటి ఏడాదికి స్పిండిల్ గౌజ్ ఒకటి, బౌల్ గౌజ్ ఒకటి, ముక్కను వేరు చేయడానికి పార్టింగ్ టూల్ ఒకటి, ఇంట్లో తయారు చేసుకున్న స్క్రేపర్ ఒకటి చాలు. స్క్యూ ఉలి అద్భుతమైన నునుపు ఇస్తుంది, కానీ దాని మీద అదుపు రావడానికి నెలలు పడుతుంది, తొందరేమీ లేదు. పెట్టెలో తప్పకుండా ఉండేది, చూడటానికి బలంగా కనబడేది రఫింగ్ గౌజ్. చదరపు కర్రను గుండ్రం చేయడానికి అది మంచిదే. గిన్నెల పనికి మాత్రం దాన్ని ఎప్పుడూ వాడకూడదు. పిడిలోకి దిగే దాని మొదలు సన్నగా ఉంటుంది. గిన్నెలో పీచు అడ్డంగా తగులుతుంటే అక్కడే విరుగుతుంది. పేరు చూసి పెద్ద పనికి ఇదే అనుకుని కొత్తవాళ్లు గాయపడటం ప్రపంచమంతా జరుగుతున్నదే.

‘ఇంత సాన గొడవ దేనికి? కార్బైడ్ బిళ్ల బిగించిన పనిముట్లు వచ్చాయి కదా, ఒక అంచు అరిగితే బిళ్లను కాస్త తిప్పుకోవచ్చు’ అన్నది నేటి వాదన. ఇందులో నిజముంది. చేతులు వణికేవాళ్లకు, చూపు మందగించినవాళ్లకు, వారానికి ఒక గంటే దొరికేవాళ్లకు కార్బైడ్ నిజంగా ఉపయోగమే. నల్లతుమ్మ లాంటి గట్టి కొయ్య మీద అది బాగానే నడుస్తుంది. కానీ ఆ బిళ్లను సాధారణంగా బల్లపరుపుగా పట్టుకుని గీకుతారు. మామిడి, సుబాబుల్, అంకుడు లాంటి మెత్తటి కొయ్యల్లో పీచు లేస్తుంది. ఆ పీచు పోవాలంటే మళ్లీ శాండ్‌పేపర్, మళ్లీ దుమ్ము. సానకు పోవాల్సిన పది నిమిషాలు ఆదా చేసి, అరగంట ధూళి పీల్చడం లాభం కాదు. బిళ్లలు అయిపోయినప్పుడల్లా కొనుక్కోవాల్సిన ఖర్చు వేరే. కార్బైడ్‌ను ఒక పనిముట్టుగా పెట్టుకోవచ్చు, సాన నేర్చుకోకుండా తప్పించుకునే దారిగా పెట్టుకోకూడదు.

ఇప్పుడు యంత్రం. బరువైన లేత్ మంచిదన్న మాటను కాదనను. బరువు అదురును మింగుతుంది, అదురు లేకపోతే కోత నున్నగా వస్తుంది. కానీ ఆ బరువును కంపెనీ దగ్గరే కొనాలని లేదు. చిన్న లేత్‌ను కాంక్రీటు దిమ్మ మీద బోల్టులతో బిగించి, కింది అరలో ఇసుక బస్తాలు పెడితే చాలా తేడా వస్తుంది. సింగిల్ ఫేజ్ మీద నడిచే అర హార్స్‌పవర్ మోటారు, పదంగుళాల దాకా తిరగనిచ్చే బెడ్ మొదటి రెండు మూడేళ్లకు సరిపోతాయి. యంత్రంలో గట్టిగా చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి కనిష్ఠ వేగం. నిమిషానికి 500 చుట్ల కిందికి దిగని మిషన్ వంకరటింకర మొద్దులకు ప్రమాదకరం. గిన్నె వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని చుట్ల సంఖ్యతో గుణిస్తే 6000కు, 9000కు మధ్య ఉండాలన్నది తరిమెన పనివాళ్లు పాటించే లెక్క. పన్నెండంగుళాల పళ్లేనికి అంటే 500 నుంచి 750 చుట్లు. అదీ గుండ్రంగా, సమతూకంగా అయిన తర్వాత. మొదలుపెట్టేటప్పుడు అంతకన్నా తక్కువే. వేగం రెట్టింపైతే విసిరే శక్తి నాలుగు రెట్లవుతుంది.

రెండోది స్పిండిల్ మర, కొత్తవాళ్లు దాదాపు ఎప్పుడూ చూడనిది. నాలుగు దవడల చక్, ఫేస్‌ప్లేట్ ఈ మర మీదే ఎక్కుతాయి. అంగుళానికి 8 మరల ఒక అంగుళం స్పిండిలో, ఎం33 కొలతలో 3.5 మిల్లీమీటర్ల మరో ఉంటే బజారులో ఎన్నో అనుబంధాలు సరిపోతాయి. తయారీదారు తన సొంత కొలతలో మర కోసి ఉంటే జీవితాంతం ఆయన దగ్గరే కొనాలి, లేదా టర్నర్ చేత అడాప్టర్ కోయించుకోవాలి. ఇక్కడ టర్నర్లకు కొదవ లేదు గనుక అది ఈ ఊళ్లో అంత పెద్ద కష్టం కాదు. వేరే చోట తలనొప్పే. అలాగే రెండు వైపులా రెండో నంబరు మోర్స్ టేపర్ (శంకువులా సన్నబడే రంధ్రం) ఉంటే డ్రిల్ చక్, లైవ్ సెంటర్ లాంటివి సులువుగా దొరుకుతాయి. చక్ మంచి వస్తువే, కానీ దాని ఖరీదు చిన్న లేత్ ఖరీదులో పెద్ద వాటా అవుతుంది. దుకాణాల్లోని మిగతా మెరుపు వస్తువులు, ఏడెనిమిది రకాల దవడలు, లేజర్ గీతలు చూపే తొలిచే పరికరాలు, వీటికి మొదటి మూడేళ్లలో పని పడదు. చక్ లేకుండా ఫేస్‌ప్లేట్‌తోనే గిన్నెలు, రెండు సెంటర్ల మధ్యే పప్పుగుత్తులు, కోళ్లు, బొంగరాలు తయారవుతాయి. ముఖానికి మాత్రం నుదుటి నుంచి గడ్డం దాకా కప్పే షీల్డు మొదటి రోజు నుంచే ఉండాలి. చేతులకు గ్లౌజులు, మెడలో కండువా, చున్నీ, వేలాడే కొంగు లేత్ దగ్గరికి రాకూడదు. వర్క్‌షాపులో పనిచేసినవాళ్లకు ఈ చివరి సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్లు ఇంట్లోవాళ్లకు చెప్పాలి.

కొయ్యకు ఖర్చు పెట్టాల్సిన పని లేదు. కరెంటు తీగల కింద కొట్టేసిన కొమ్మలు, గాలివానకు పడిన వేప, నిద్రగన్నేరు, సా మిల్లుల్లో మిగిలిన తునకలు చాలు. నిలిచి ఉన్న చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, సరదా పనికి చెట్టు కొట్టాలన్న ఆలోచనే వద్దు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో పచ్చి మొద్దు రెండు రోజుల్లో నెర్రెలిస్తుంది. చివరలకు కరిగించిన మైనం పూసి నీడన పెట్టాలి. గిన్నెను వ్యాసంలో పదో వంతు మందం ఉండేలా గరుకుగా తొలిచి, కొన్ని నెలలు ఆరనిచ్చి, తర్వాత తుది రూపం దిద్దాలి. పచ్చి కొయ్య మీద పని చేయడం వల్ల ఇంకో మేలుంది. తడి ఉన్నంతసేపు పేళ్లే తప్ప దుమ్ము రాదు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది. బాయిలో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకు అసలు ఈ సరదా వద్దనవచ్చు కదా? న్యూమోకోనియోసిస్, ఆస్తమా ఉన్నట్టు తేలినవాళ్లు డాక్టరును అడగకుండా శాండింగ్ జోలికి పోకూడదు, ఇందులో మొహమాటం లేదు. కానీ మిగతావాళ్లను దుమ్ము భయంతో ఖాళీ చేతులతో కూర్చోబెట్టడం కూడా ఆరోగ్యం కాదు. బాయి కప్పును ఆపిన కొయ్య దుంగల విరుపు శబ్దాన్ని బట్టి ప్రమాదం పసిగట్టిన టింబర్‌మన్‌లు ఈ బెల్టులో ఉన్నారు. కొయ్య స్వభావం వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? వాళ్లకు అసలు అడ్డంకి జాగాది. రిటైరైతే కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. అద్దె ఇంట్లో, అపార్టుమెంటులో లేత్ పెట్టే చోటుండదు. పెట్టినా దుమ్ము లాగే ఏర్పాటు ఒక్కరికి భారం. ఆస్ట్రేలియాలో 1990ల నుంచి ‘మెన్స్ షెడ్’ పేరుతో ఊరి పెద్దమనుషులు పనిముట్లు పంచుకునే షెడ్లు పుట్టుకొచ్చాయి. 2007లో వాటికి జాతీయ స్థాయి సంఘం కూడా ఏర్పడింది. పేరు మగవాళ్లదే, మనం ఆ హద్దు పెట్టుకోనక్కర్లేదు. సింగరేణి, ఎన్టీపీసీ, సిమెంటు కంపెనీలు, రామగుండం నగరపాలక సంస్థ కలిసి ఒక పాత షెడ్డును ఇస్తే, కార్మిక సంఘాలు దాన్ని నడిపితే, ఒక్కొక్కరు విడివిడిగా కొనే పది నాసిరకం లేత్‌ల డబ్బుతో మంచి దుమ్ము వడపోత ఏర్పాటు, మంచి సాన సామగ్రి, రెండు దృఢమైన యంత్రాలు సమకూరుతాయి. సాన నేర్పడానికి బయటి నుంచి ఎవరినీ పిలవనక్కర్లేదు. టూల్ బిట్టుకు కోణం దిద్దడం తెలిసిన టర్నర్లు ఇక్కడే ఉన్నారు. నేర్పినందుకు వాళ్లకు గౌరవ వేతనం ఇవ్వాలి. ఆ షెడ్డుకు మొదటి ఏడాది లేత్ ఒకటి తగ్గినా ఫరవాలేదు. గ్రైండర్లు మాత్రం రెండుండాలి, ఒకటి కొత్త ఉలికి వాలు దిద్దడానికి, ఇంకోటి పని మధ్యలో పదును పెట్టుకోవడానికి.